కావలి సోదరులు: గురుభక్తికీ స్వతంత్ర వృత్తికీ మధ్య మూడు మార్గాలు

సారాంశం:
కాలిన్ మెకంజీ సేకరణ దక్షిణ భారత చరిత్ర రచనకు మూలాధారాలలో ఒకటి. దానిని సాధ్యం చేసిన దేశీయ పండితులలో ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే ముగ్గురు సోదరులు ప్రముఖులు. ఆశ్రయమిచ్చి పని నేర్పిన వ్యక్తి పట్ల విధేయతను నిలుపుకుంటూనే సొంత పేరుతో, సొంత శ్రమతో నిలదొక్కుకోవడం ఎలా అన్న ప్రశ్న ముగ్గురికీ ఎదురైంది. ముగ్గురి సమాధానాలు మూడు విధాలు. వారి జయాపజయాలను నిర్ణయించింది విధేయతలోని హెచ్చుతగ్గులు కావనీ, పరిశోధన సామగ్రి ఎవరి ఆస్తి, దానిపై తీర్పు చెప్పే అధికారం ఎవరిది అన్న అంశాలేననీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: కాలిన్ మెకంజీ, కావలి సోదరులు, కైఫీయత్తులు, దేశీయ పండితులు, గ్రంథకర్తృత్వం, చందా ప్రచురణ

1. ఉపోద్ఘాతం

1816లో చిత్రకారుడు థామస్ హిక్కీ మద్రాసులో ఒక తైలవర్ణ చిత్రం గీశాడు. ఎర్రని సైనిక దుస్తులలో కాలిన్ మెకంజీ, ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులు అందులో కనిపిస్తారు. దూరదర్శిని పట్టుకున్నవాడిని బంట్రోతు కిష్టాజీగా, మిగిలిన ఇద్దరిని జైన పండితుడు ధర్మయ్యగా, కావలి వెంకట లక్ష్మయ్యగా చరిత్రకారులు సాధారణంగా గుర్తిస్తారు. ఒక బ్రిటిష్ అధికారి తన చిత్రపటంలో సహాయకులకు ఈ విధంగా చోటు కల్పించడం ఆ కాలంలో అరుదైన గౌరవమే. అయినా ఆ చిత్రానికి పేరు మెకంజీది. ఆ సేకరణకు పేరు కూడా మెకంజీదే.

కావలి సోదరుల జీవితాలను ఇటీవలి దశాబ్దాలలో నికొలస్ డర్క్స్, ఫిలిప్ వాగనర్, థామస్ ట్రాట్‌మన్, రమా సుందరి మంతెన వంటి పరిశోధకులు వివిధ కోణాల నుంచి చర్చించారు. వలస పాలన జ్ఞానోత్పత్తిలో దేశీయ పండితుల పాత్ర ఎంత అన్నదే ఆ చర్చలలో ప్రధానాంశం. దానికి అనుబంధమైన మరొక ప్రశ్న ఉంది. ఒక పెద్ద దగ్గర పని నేర్చుకున్నవాడు ఆ పెద్ద నీడ దాటి స్వతంత్రంగా నిలబడవలసి వచ్చినప్పుడు ఏమి చేస్తాడు? ఆ పెద్దకు తీర్చవలసిన ఋణం ఏది, తనకు దక్కవలసిన భాగం ఏది? ఒకే ఇంట పుట్టి, ఒకే వ్యక్తి దగ్గర పనిచేసిన ముగ్గురు సోదరుల చరిత్ర ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఆధారాన్నిస్తుంది.

2. ద్వారం తెరచినవాడు: బొర్రయ్య

స్కాట్లండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలోని స్టోర్నవే పట్టణానికి చెందిన మెకంజీ 1783లో మద్రాసు సైన్యంలో చేరాడు. ఇంజనీరుగా పేరు తెచ్చుకున్నా, దక్షిణ దేశ చరిత్రను లోతుగా తెలుసుకునే సాధనం మాత్రం చాలాకాలం వరకు ఆయనకు దొరకలేదు. ఇక్కడి భాషలు రాకపోవడమే అందుకు ముఖ్య కారణం. 1796లో సింహళ దండయాత్ర నుంచి తిరిగివచ్చిన తరువాత ఆయనకు బొర్రయ్యతో పరిచయం కలిగింది. అప్పటికి బొర్రయ్య ఇరవై ఏళ్ల యువకుడు.

1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో మెకంజీ ఈ పరిచయాన్ని స్మరించుకున్నాడు. భారతీయ విజ్ఞాన ద్వారంలో తన తొలి అడుగు ఆ బ్రాహ్మణ యువకుని వల్లనే పడిందని, భాషాజ్ఞానం లేని తాను అతని ప్రతిభకు ఋణపడి ఉన్నానని అందులో అంగీకరించాడు. అన్ని మతాలవారినీ, అన్ని వర్గాలవారినీ ఒప్పించి పరిశోధనకు అనుకూలురను చేసుకోగల సామరస్య గుణం బొర్రయ్యకు ఉండేదని కూడా రాశాడు. అదే లేఖలో మరొక ముఖ్యమైన మాట ఉంది. ఏడేళ్ల సేవ తరువాత బొర్రయ్య అకస్మాత్తుగా మరణించేనాటికి తన తమ్ముణ్ణీ, బ్రాహ్మణులు, జైనులు, తమిళులు మొదలైన అనేకులనూ ఈ పనిలో తీర్చిదిద్దాడన్నదే ఆ మాట.

ఈ వాక్యాన్ని బట్టి గురుశిష్య సంబంధాన్ని పునఃపరిశీలించవలసి వస్తుంది. సర్వే పద్ధతి, ప్రశ్నావళి రూపకల్పన, నివేదికల క్రమం మెకంజీవి. గ్రామంలో కరణాన్ని కలిసి దండకవిలె బయటికి తీయించడం, ఆలయంలో పూజారిని ఒప్పించి శాసనాన్ని నకలు చేయించడం, కైఫీయత్తులోని కథను కాలక్రమంలో పెట్టడం వంటివి బొర్రయ్య అభివృద్ధి చేసి ఇతరులకు నేర్పిన విద్యలు. తెలుగు దేశపు నియోగి కుటుంబాలలో భూమి హక్కులను నిరూపించడానికి పాత శాసనాలను సాక్ష్యంగా వాడే అలవాటు అంతకు ముందు నుంచే ఉందని వాగనర్ వాదించాడు. ఆ వాదాన్ని అంగీకరిస్తే బొర్రయ్య మెకంజీ కొలువులోకి ఒట్టి చేతులతో రాలేదని చెప్పాలి. ఒకరు యజమాని, మరొకరు ఉద్యోగి అన్నది జీతం దృష్ట్యా నిజం. విద్య దృష్ట్యా ఇద్దరూ పరస్పరం గురువులు.

బొర్రయ్య 1803లో, ఇరవై ఆరేళ్ల వయస్సులో మరణించాడు. ఆయన మరణానంతరం ఏషియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదవ సంపుటంలో జైనులను గురించిన ఒక వివరణ వెలువడింది. ముడిగెరెకు చెందిన జైన గురువు నుంచి సేకరించిన ఆ వివరణకు అనువాదకుడిగా కావలి బొర్రయ్య పేరు శీర్షికలోనే అచ్చయింది. మేజర్ మెకంజీ కోసం అనువదించినట్లు అదే శీర్షిక తెలుపుతుంది. అంటే పేరు దక్కింది గాని, ఆ పేరు 'మెకంజీ కోసం' అన్న మాటతో కలిసే దక్కింది. స్వతంత్ర వృత్తి అన్న ప్రశ్న తలెత్తకముందే బొర్రయ్య జీవితం ముగిసింది. ఆ ప్రశ్న తమ్ముళ్లకు వారసత్వంగా మిగిలింది.

3. జీతం, సేకరణ, యాజమాన్యం

1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత మెకంజీకి మైసూరు సర్వే బాధ్యత లభించింది. సుమారు పదేళ్లు సాగిన ఆ సర్వేలో భూమి కొలతలతో పాటు చరిత్ర సామగ్రి సేకరణ కూడా జరిగింది. కొలతల పని కంపెనీది. చరిత్ర సేకరణ మాత్రం చాలావరకు మెకంజీ సొంత ఆసక్తి, సొంత ఖర్చు. అందువల్ల ఆ విభాగంలోని పండితులలో ఎక్కువమంది ఉపాధి ఒక వ్యక్తి ప్రాణం మీద, ఒక వ్యక్తి ఔదార్యం మీద ఆధారపడి ఉండేది.

అన్న మరణం తరువాత లక్ష్మయ్య ఆ పండిత బృందానికి నాయకుడయ్యాడు. నారాయణరావు వంటి సహాయకులు ఊరూరా తిరిగి పంపిన నివేదికలు ఆయన చేతికే చేరేవి. 1811 నుంచి 1813 వరకు మెకంజీ జావాలో ఉన్నప్పుడు కూడా దక్షిణాన సేకరణ ఆగకపోవడానికి ఈ ఏర్పాటే కారణం. మెకంజీ 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్‌గా నియమితుడై, 1817లో కలకత్తా చేరాడు. 1821 మే 8న మరణించాడు.

మరణానంతరం ఆయన భార్య వద్ద నుంచి సేకరణ మొత్తాన్ని ఈస్టిండియా కంపెనీ 10,000 పౌండ్లకు కొనుగోలు చేసింది. హొరేస్ హేమన్ విల్సన్ 1828లో రెండు సంపుటాల వివరణాత్మక సూచికను కలకత్తాలో ప్రచురించాడు. ఆ సూచిక ప్రకారం అందులోని సాహిత్య గ్రంథాల ప్రతులు 1,568, శాసనాల నకళ్లు 8,076, నాణేలు 6,218. తరువాత సేకరణలో కొంత భాగం లండనుకు, కొంత భాగం మద్రాసుకు చేరింది.

చట్టం దృష్టిలో ఈ క్రమంలో అన్యాయం లేదు. జీతమిచ్చి చేయించిన పని యజమాని ఆస్తి. యజమాని పోయాక అతని వారసుల ఆస్తి. వారు అమ్మితే కొన్నవాడి ఆస్తి. అయితే పాతికేళ్లపాటు ఆ కాగితాలను సంపాదించి, చదివి, సారం రాసిన లక్ష్మయ్యకు వాటిపై ఏ హక్కూ లేకుండా పోయింది. ఒక్కొక్క పత్రం ఎక్కడిదో, ఎవరు చెప్పినదో, ఎంతవరకు నమ్మదగినదో తెలిసినవాడు ఒకరు. వాటిని తన వద్ద ఉంచుకునే అధికారం ఉన్నవాడు మరొకరు. తరువాతి పదిహేనేళ్ల కథ అంతా ఈ ఎడం నుంచి పుట్టింది.

4. లక్ష్మయ్య: ఆచార్యుని పనిని కొనసాగించాలన్న సంకల్పం

లక్ష్మయ్య ఎంచుకున్న మార్గం వారసత్వ మార్గం. మెకంజీ తలపెట్టి పూర్తిచేయలేకపోయిన పనిని తన నాయకత్వంలో కొనసాగించడానికి అనుమతి, ఆర్థిక సహాయం ఇమ్మని ఆయన ప్రభుత్వాన్ని కోరాడు. 1830ల తొలి భాగంలో మద్రాసు హిందూ లిటరరీ సొసైటీని నెలకొల్పి దానికి అధ్యక్షత వహించాడు. భారతీయ పండితులే సభ్యులుగా, భారతీయుని అధ్యక్షతన చరిత్ర పరిశోధన సాగాలన్న ఆలోచన ఆ కాలానికి ఎంతో ముందుచూపు గలది.

ఈ విజ్ఞప్తిని ప్రభుత్వం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయానికి పంపింది. అప్పుడు ఆ సంస్థ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. 1836లో వెలువడిన నివేదిక లక్ష్మయ్య ప్రతిపాదనను తిరస్కరించింది. ఇంత విస్తృతమైన పనికి విడి విషయాల నుంచి సామాన్య సిద్ధాంతాలను రాబట్టగల ప్రధాన మేధావి ఒకరు ఉండాలని, లక్ష్మయ్యకే కాదు, ఏ దేశీయుడికైనా ఆ సామర్థ్యం ఉందని చెప్పలేమని, సహాయకులుగా మాత్రం వారు ఉపయోగపడతారని ఆ నివేదిక సారాంశం. మద్రాసులోని మతప్రచారకుడు విలియం టేలర్‌కు ఆ ప్రతుల పరిశీలన అప్పగించారు.

ఈ తీర్పులో గమనించదగిన వైరుధ్యం ఒకటుంది. లక్ష్మయ్య అనర్హతకు చూపిన కారణం ఆయన జాతి. కాగా ఆయన అర్హతకు ఆధారం మెకంజీ దగ్గర చేసిన సుదీర్ఘ సేవ. సేవ ఎంత దీర్ఘమైనదైతే సహాయకుడన్న ముద్ర అంత బలపడింది. మెకంజీకి భాషలు రావన్న సంగతి ఆయన లేఖలోనే ఉన్నా, ప్రధాన మేధావి స్థానానికి ఆయన అర్హతను ఎవరూ ప్రశ్నించలేదు. భాషలు, లిపులు, గ్రామాలు, మనుషులు తెలిసిన లక్ష్మయ్య అర్హత మాత్రం ప్రశ్నార్థకమైంది. వలస పాలనలో సేకరించడం, విశ్లేషించడం అనే రెండు పనుల మధ్య గీసిన గీత విద్యకు సంబంధించినది కాదు, అధికారానికి సంబంధించినది.

లక్ష్మయ్య వైపు నుంచి కూడా ఒక పరిమితిని గుర్తించాలి. ఆయన కోరినది మెకంజీ పనికి కొనసాగింపు. అందుకు మెకంజీ కాగితాలు కావాలి, గ్రామాలకు మనుషులను పంపే ఖర్చు కావాలి, అధికారుల అనుమతి కావాలి. మూడూ కంపెనీ చేతిలోనివే. ఆచార్యుడు వేసిన దారిలోనే నడవాలన్న నిష్ఠ వల్ల, ఆ దారికి కాపలా ఉన్నవారి అనుమతి ఆయనకు అనివార్యమైంది.

5. రామస్వామి: పాఠకుల వైపు

మూడవ సోదరుడు రామస్వామి మరో దారి పట్టాడు. మెకంజీ మరణించిన నాలుగేళ్లకు, 1825లో, వేంకటాధ్వరి సంస్కృత చంపువు విశ్వగుణాదర్శానికి ఆయన చేసిన ఆంగ్లానువాదం కలకత్తాలో వెలువడింది. 1828లో దక్కను నగరాలను, స్థలాలను వర్ణించే చారిత్రక గ్రంథం, 1829లో దక్కను కవుల జీవిత సంగ్రహాల గ్రంథం ప్రచురితమయ్యాయి. 1836లో హిందువుల వంటకాలను వివరించే పాకశాస్త్ర గ్రంథం కూడా ఆయన ద్వారా ఆంగ్లంలో వచ్చింది. ఏషియాటిక్ సొసైటీ అన్నగారి ప్రతిపాదనను తోసిపుచ్చిన సంవత్సరంలోనే తమ్ముడు వంటల పుస్తకాన్ని ప్రచురించడం యాదృచ్ఛికమే అయినా, ఇద్దరి మార్గాల మధ్య భేదాన్ని అది స్పష్టంగా చూపుతుంది.

రామస్వామి గ్రంథాల పట్టికలో ఒక వృత్తి తర్కం కనిపిస్తుంది. చంపూ కావ్యం, స్థల వర్ణన, కవుల చరిత్ర, వంటలు: ఇవన్నీ ఆంగ్లం చదివే పాఠకునికి కొనదగిన విషయాలు. అచ్చు పుస్తకం ఖరీదైన ఆ రోజులలో ముందుగా చందాదారులను కూడగట్టుకుని ప్రచురించే పద్ధతి వాడుకలో ఉండేది. ఆ పద్ధతిలో రచయితకు ఒక్క యజమాని ఉండడు; తలా కొంత ఇచ్చే పదుల సంఖ్యలో పోషకులు ఉంటారు. ఎవరి దయ తప్పినా మొత్తం జీవనం కూలిపోదు. కొలువు నుంచి స్వతంత్ర వృత్తికి మారడమంటే ఆధారపడడం మానుకోవడం కాదు, ఆధారాన్ని పలువురి మధ్య పంచుకోవడమని ఆ కాలపు ప్రచురణ రంగం చెబుతుంది.

అయితే ఈ మార్గానికి పెట్టుబడి ఎక్కడిది? అదీ మెకంజీ కొలువు నుంచి వచ్చినదే. ఆ పరిశోధన విభాగంలో ప్రధాన అనువాదకుడిగా, పండితుడిగా తాను చేసిన ఉద్యోగాన్ని రామస్వామి తన పేరు పక్కన చెప్పుకున్నాడు. పాఠకుడికి ఆయన మీద నమ్మకం కలిగించినది ఆ ఉద్యోగమే. దక్కను స్థలాలను గురించి, కవులను గురించి ఆయనకు కలిగిన పరిజ్ఞానానికి పునాది కూడా ఆ కొలువులోనే పడింది. ఆ విధంగా కొలువులో సంపాదించిన పరిజ్ఞానాన్ని, పేరును వాడుకున్నాడు. కాని సేకరణలోని ప్రతుల కోసం ఎవరినీ అడగనవసరం లేని రచనా ప్రక్రియలను ఎంచుకున్నాడు. తలలో ఉన్నదానికి కంపెనీ తాళం వేయలేదు.

1829 నాటి కవుల చరిత్రకు తెలుగు సాహిత్య చరిత్ర రచనలో కూడా స్థానముంది. గురజాడ శ్రీరామమూర్తి కవి జీవితములకు దాదాపు అర్ధశతాబ్దం ముందే సంస్కృత, తెలుగు, తమిళ కవుల జీవితాలను ఒక్కచోట చేర్చి అచ్చువేయించిన ప్రయత్నమిది. అందులోని కాలనిర్ణయాలను, ఐతిహ్యాలను నేటి విమర్శ యథాతథంగా అంగీకరించదు. అయినా కవులను చరిత్ర దృష్టితో వరుసలో నిలపాలన్న ఆలోచన కైఫీయత్తుల సంప్రదాయం నుంచి గ్రంథ రచనలోకి ప్రవేశించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

6. ఋణం ఎవరికి?

రామస్వామి విధేయతను విడిచి వ్యాపారం వైపు వెళ్లాడని, లక్ష్మయ్య వ్యాపారాన్ని కాదని విధేయత వైపు నిలిచాడని చెప్పడం సులభం. కాని ఆధారాలు ఆ విభజనను సమర్థించవు. కవుల చరిత్రలో రామస్వామి తన అన్న బొర్రయ్యకు కూడా స్థానం కల్పించాడు. ప్రాచీన కన్నడ లిపిలోని శాసనాన్ని చదివిన ఘనతను ఆయనకు ఆపాదించాడు. సొంత లాభం కోసం వేసిన పుస్తకంలోనే తనకూ తన వారికీ విద్య చెప్పిన తొలి గురువును ప్రసిద్ధ కవుల సరసన కూర్చోబెట్టాడు. మెకంజీ పేరున్న సూచికలో బొర్రయ్యకు అలాంటి పీఠం దొరకదు. ఆ పీఠం వేయడానికి సొంత పుస్తకం కావలసి వచ్చింది.

లక్ష్మయ్య కోరిక కూడా కేవల విధేయత కాదు. మెకంజీ పేరు మీద పని కొనసాగిస్తానన్న మాటలో, ఆ పనికి ఇకమీదట తానే నాయకుడినన్న ప్రకటన ఉంది. ఆ ప్రకటనను ఏషియాటిక్ సొసైటీ సరిగ్గానే చదివింది, అందుకే నిరాకరించింది. సహాయకుడిగా ఉంటానని ఆయన కోరి ఉంటే స్థానం దొరికి ఉండేదని ఆ నివేదిక ధోరణే సూచిస్తుంది. కాబట్టి ఇద్దరిలోనూ విధేయత ఉంది, ఇద్దరిలోనూ స్వాతంత్ర్యేచ్ఛ ఉంది. భేదం అనుమతి అవసరమైన పనికీ, అవసరం లేని పనికీ మధ్య ఉంది.

దీనికి చెల్లించిన మూల్యాన్ని కూడా లెక్కించాలి. రామస్వామికి పుస్తకాలపై పేరు దక్కింది గాని, శాసనాలు, కైఫీయత్తులు ఆధారంగా దక్షిణ దేశ చరిత్రను సమగ్రంగా రాసే అవకాశం దక్కలేదు. ఆ పని చేయగల అనుభవం ఉన్న లక్ష్మయ్యకు అవకాశం ఇవ్వలేదు. ప్రతులు వేరువేరు నగరాలకు చెదిరి, వాటి వెనుక కథ తెలిసినవారు ఒక్కొక్కరే కనుమరుగయ్యాక, ఏ కైఫీయత్తు ఎవరి నోట విన్నది, ఎంతవరకు నమ్మదగినది అన్న ప్రశ్నలకు తరువాతి పరిశోధకులు కాగితాల నుంచే జవాబు వెతుక్కోవలసి వచ్చింది. నష్టం కావలి కుటుంబానిది మాత్రమే కాదు, తెలుగువారి చరిత్ర రచనది కూడా.

7. ముగింపు

కావలి సోదరుల చరిత్ర నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, మెకంజీ పరివారంలో గురుత్వం ఒక వైపు నుంచి మాత్రమే ప్రవహించలేదు. ఆ సంగతిని అందరికంటె ముందు అంగీకరించినవాడు మెకంజీయే. రెండవది, వ్యక్తిగతమైన కృతజ్ఞత ఎంత నిజమైనదైనా, అది హక్కుగా మారనంతవరకు శిష్యునికి రక్షణ కాదు. మెకంజీ లేఖలోని ప్రశంస బొర్రయ్య పేరును నిలబెట్టింది గాని లక్ష్మయ్యకు పదవి ఇప్పించలేకపోయింది. మూడవది, ఆశ్రయదాత నుంచి పొందిన విద్యను సొంత వృత్తికి వాడుకోవడం ద్రోహం కాదు. మూలాన్ని చెప్పి వాడుకోవడమే ఋణ విమోచన. రామస్వామి తన పుస్తకాలలో ఆ కొలువును చెప్పాడు, అన్నను చెప్పాడు, తన పేరునూ చెప్పుకున్నాడు.

కైఫీయత్తులను నేడు ఉపయోగించే పరిశోధకులు వాటిని మెకంజీ కైఫీయత్తులనే పిలుస్తున్నారు. ఆ పేరు మార్చనవసరం లేదు. అయితే ఉపయోగించిన ప్రతిచోటా, తెలిసినంతవరకు, ఆ పత్రాన్ని సేకరించినవారి పేరు, చెప్పించినవారి పేరు కూడా నమోదు చేయడం శాస్త్రీయ పద్ధతి అవుతుంది. 1817 నాటి లేఖలో మెకంజీ స్వయంగా పాటించిన మర్యాద అది.